చెప్పకుండా మిగిలిన మూడు నిమిషాలు

కౌన్సిలర్ గిల్బర్ట్ బావకు, పోయిన ఆదివారం చర్చి ప్రసంగంలో నిన్ను తిట్టిన నోటితోనే వందనాలు. ఒకే నోట దీవెన, శాపం రాకూడదని యాకోబు రాశాడు, తప్పు నాదే.

నిన్న మన కౌన్సిల్ సభలో పౌరులు మాట్లాడేందుకిచ్చే మూడు నిమిషాల కోసం బైబిలు పట్టుకుని కాచుకు కూర్చున్నాను. ఊళ్లో భవనాలు కడతానని అప్పడుగుతున్న ఆ బిల్డరుకు ఊరి సొమ్ము నలభై లక్షల పౌండ్లు అప్పిస్తే, అతను మునిగిన రోజున మన ఈతకొలను, గ్రంథాలయం మూతపడతాయని గర్జించాలనుకున్నాను. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు చూసుకోడా అని ప్రభువే అడిగాడు కదా! నిన్నటిదాకా అప్పిద్దామన్నవాళ్లలో నువ్వే ముందున్నావు మరి.

అంతలో నువ్వే లేచి, "ఇందులో మీ సొంత డబ్బెంత బాబూ?" అన్నావు.

"ఆలోచన మాదేనండీ," అన్నాడతను.

"అయితే ఆలోచన మీ దగ్గరే ఉంచుకోండి, డబ్బు మా దగ్గరుంటుంది!"

సభంతా పగలబడి నవ్వింది. ఒక్క ఓటు తేడాతో అప్పు ప్రతిపాదన వీగిపోయింది, నా వంతు రాకముందే! హల్లెలూయా!

ఆదివారం అదే వేదిక మీద నీకు క్షమాపణ చెబుతాను, భోజనానికి రా. నిన్న నేను ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా నవ్వుతూ ఇంటికొచ్చేసరికి, నీ చెల్లెలు ఐవీ జ్వరమేమోనని నా నుదురు పట్టుకు చూసింది.

నీ బావ