మోకాలికి దిష్టి

దుర్గాశ్రీ, ఈ రోజు నా మోకాలికి ఆపరేషన్ అనేస్తారేమోనని భయంగా ఉందమ్మా. నాన్నా నేనూ భీమవరం ఫిజియోథెరపీకి వెళ్తున్నాం. పప్పు వేడి చేసుకుని తిను. పెరుగు పిల్లికి అందకుండా పెట్టు.

ఆ ఫిజియో అమ్మాయి వెళ్ళినప్పుడల్లా నొప్పి పదికి ఎంతండీ అని అడిగి రాసుకుంటుంది. తగ్గిందంటే దిష్టి తగులుతుందని నేను తొమ్మిదనే చెబుతూ వచ్చాను. మొన్న పాపం మొహం చిన్నబుచ్చుకుని, "ఇంత చేసినా తగ్గట్లేదంటే పెద్ద డాక్టరు గారికి చూపిద్దామండి" అంది. నవ్వకు. నువ్వు వెంట వచ్చుంటే నాకీ తిప్పలుండేవా?

ఇవాళ ఎంతని చెప్పమంటారని మీ నాన్నని అడిగాను. చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డారు. అక్కణ్ణుంచే అన్నారు: "పొద్దున గేదె తాడు తెంపుకుంటే వీధి చివరిదాకా పరిగెత్తి పట్టుకొచ్చావు. నువ్వు ఊరుకో, అంకె నేను చెబుతా."