కుడిచెవికి వేణువు, ఎడమచెవికి వయొలిన్

మార్చి 4

చిరంజీవి మనవరాలికి అమ్మమ్మ ఆశీస్సులు.

మీ స్టూడియోలో మేమిద్దరం వాయించిన పాట నిన్న అందింది. అనుమానాన్ని నానబెట్టే అలవాటు నాకు లేదు కనుక ఇవాళే రాస్తున్నాను. మొదటి నుంచి చివరిదాకా మా చెల్లెలి వేణువే ఉంది. నా వయొలిన్ మచ్చుకైనా లేదు. నేను లేని పాట ఇరవయ్యో తేదీన రేడియోలో వస్తే మీ గడప తొక్కను.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. గొడుగు మరిచిపోయానంటూ చెల్లెలు గురువారం మళ్ళీ మీ స్టూడియోకి వచ్చిందట. అంతకు ముందు వారమంతా వాన లేదు.

మార్చి 6

అమ్మమ్మకి నమస్కారాలు.

నీ వయొలిన్ ఎక్కడికీ పోలేదు! ఎదురెదురుగా కూర్చుని వాయిస్తున్నట్టు వినిపించాలని నిన్ను పూర్తిగా ఎడమవైపు, చిన్నమ్మమ్మని పూర్తిగా కుడివైపు ఉంచాను. ఇయర్‌ఫోన్లు సరిగ్గా పెట్టుకున్నావా?

నీ మనవరాలు

తా.క. గొడుగు నిజంగానే ఇక్కడుంది. గురువారం ఎంత వెతికినా దొరకలేదు, ఇవాళ కనిపించింది.

మార్చి 9

మనవరాలికి,

ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం కూడా నాకు నేర్పుతావా? ఈ ఇంట్లో ఏదైనా చెరిసగం. ఎడమది చెల్లెలు పెట్టుకుంది, కుడిది నేను. పైగా అది "అక్కా, అంతా నీ వయొలినే మోగుతోంది, నా వేణువేదే?" అని మొహం వేలాడేసింది. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది!

అమ్మమ్మ

తా.క. గొడుగు సాక్ష్యం చెల్లదు. కావాలనే వదిలి ఉంటుంది.

మార్చి 11

అమ్మమ్మా,

చిక్కంతా ఆ చెరిసగంలోనే ఉంది! ఎడమచెవిది నువ్వు తీసుకుని విను.

నీ మనవరాలు

తా.క. చిన్నమ్మమ్మ కూడా ఉత్తరం రాసింది. స్వెట్టర్ అల్లిచ్చి నువ్వు నా నోరు కట్టేశావట.

మార్చి 14

మనవరాలికి ఆశీస్సులు.

మార్చుకుని విన్నాం. నా వయొలిన్ ఉంది. ఉంది కనుకనే వచ్చింది తంటా. రెండో చరణంలో నేను తాళాన్ని వెనక్కి వదిలేసి పరుగెత్తాను. ఆ తప్పు చెల్లెలిదేనని రికార్డింగ్ నాటి నుంచీ ఇరుగుపొరుగుకి కూడా చెబుతూ వచ్చాను.

ఇన్నాళ్ళూ నా వాయిద్యం ఒక్కటే వింటూ కూడా అది ఒక్క మాట అనలేదు. ఎందుకు అనలేదు? ఇవాళ అడిగితే, "నువ్వు బాధపడతావని అక్కా" అంది. నాకు నమ్మకం కుదరడం లేదు.

ఇక జరగవలసినవి:

1. శనివారం వస్తాను. రెండో చరణం మళ్ళీ వాయిస్తాను. అంతవరకు పాట మీ గది దాటకూడదు.
2. వేణువు జోలికి పోవద్దు. అది చాలా బాగుంది. ఈ మాట నేనన్నట్టు చెల్లెలికి తెలియకూడదు.
3. ఇంకో జత ఇయర్‌ఫోన్లు పంపకు. అది ఏం వింటోందో నాకు తెలియాలి.