ఎవరికీ చెప్పని ఓటు

ఆదివారం, రాత్రి.

ఈ సంతోషం పట్టలేకపోతున్నా! కరీంనగర్ కాలేజీ వాళ్లు పెట్టిన వీడియో కాల్‌లో మా చిన్నబిడ్డ సునీత జర్మనీ పిల్లలతో ఎన్నికల గురించి ఇంగ్లీషులో గడగడా మాట్లాడింది. మధ్యమధ్యలో నాకు తెలుగులో చెప్పింది. అక్కడి ఒక పిల్ల ఇంట్లో అన్నం తింటూనే ఎవరి ఓటు ఎవరికో చెప్పుకుంటారట. "మా బాపు అవ్వకు గూడ చెప్పడని చెప్పిన" అంది సునీత, వాళ్లమ్మ వైపు చూస్తూ. అక్కడ అందరూ ఒకటే నవ్వు!

నువ్వు పోటీ చేస్తావా అని ఆ పిల్ల అడిగితే, మా ఊరి సర్పంచ్‌గా నిలబడతానందట. ఆడపిల్ల పోటీకి దిగితే ఊళ్లో నోళ్లు ఊరుకుంటాయా...

కాల్ అయ్యాక, "గిప్పుడన్న చెప్పు బాపూ, ఎవలకేసినవ్?" అని పట్టుకుంది.

"నువ్వు నిలవడ్డనాడు డప్పు కొట్టి చెప్త బిడ్డా!"

"నాకు జెప్పనోడు ఊరికి జెప్తడట!" అంది మా ఆవిడ.

ఇద్దరం నవ్వాం. సునీత నవ్వలేదు. నిజంగానే నిలబడేటట్టుంది.