యాకుత్‌పురలో గులివిందలు

యాకుత్‌పుర,
11-11-1998

కమలకు,

ఇక్కడ అమ్మ, నేను, నీ తమ్ముడు ఇశ్రాయేలు పంపిన రెండు సముద్రపు గులివింద చేపలు, నలుగురం క్షేమం. అక్కడ భీమిలిలో నువ్వు, మామ మంచిగున్నరని తలుస్తున్న. మామకు దగ్గు తగ్గిందా?

నీ ఉత్తరంల రెండు ప్రశ్నలడిగినవ్. చేపల తొట్టికి మూత పెడుతున్ననా అన్నది ఒకటి. టెలిఫోన్ ఆఫీసువాళ్లు నిన్ను మళ్ల హైదరాబాదుకు బదిలీ చేస్తే, చేప వండుకోనియ్యని ఈ ఇంటికే రావాల్నా, వేరే ఇల్లు చూస్తవా అన్నది రెండోది. రెండింటికీ జవాబు ఒక్క దగ్గరనే ఉన్నది. జర ఓపిక పట్టు.

చేపలు మస్తు హుషారుగున్నయి. తెల్లారితే చాలు, గడ్డం కింది రెండు మీసాలతోని ఇసుకంత తవ్విపోస్తయి. ఈ గల్లీల మోరీ తవ్వేటోడు ఏడాదిగా పత్తా లేడు గానీ, ఇవి ఒక్కపూట సెలవు పెట్టవు! పక్కింటి గాజుల దుకాణం రామ్‌చందర్ రోజూ వచ్చి చూస్తడు. "ఏంది సారూ, సముద్రానికి ట్రాన్స్‌ఫర్ దొరికింది గానీ మా వదినకు దొరకలేదా?" అంటడు.

వీటినెందుకు పెట్టిననో నీకు తెలుసు. అర్చకుల ఇల్లట, చేప మైలట! సముద్రం ఒడ్డున లక్షలమంది తినే తిండికి మైల అని తీర్పు చెప్పే అధికారం ఈ గల్లీకి ఎవడిచ్చిండు? ముందు ప్రాణంతోని ఇంట్లకు రానీ, తర్వాత గిన్నెలకు అదే వస్తదని నా ఎత్తు. అమ్మతోని రోజూ లొల్లే.

"మత్స్యావతారానికి హారతి పడ్తవు. మరి చేప గడప దాటితే మైలెట్లయితది?" అన్న.

"దేవుడు వరాహం గూడ అయిండు. పందుల్ని పెంచుదామా?" అన్నది.

వాదనల ఎవనికీ తగ్గనోణ్ని, ఆ పూట చేపలకు మేతేసే సాకుతోని లేచిపోయిన.

ఒక సంగతి దాచిన. ఆగస్టుల వచ్చిన మొదటి జత బతకలేదు. "సముద్రమంటే ఏంది, ఉప్పునీళ్లే గదా!" అని గల్లీకంత సైన్సు ఉపన్యాసమిచ్చి, నల్లా నీళ్లల్ల కిరాణా గల్లుప్పు కలిపిన. మూడు రోజులకు పోయినయి. నీకేమో మంచిగున్నయని రాసిన. ఇప్పుడున్నవి రెండో జత. ఈసారి ఇశ్రాయేలుతోని క్యాన్లల్ల అసలు సముద్రపు నీళ్లే తెప్పించుకున్న. వాణ్ని ఏమనకు, చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నది నేనే.

ఇగ మూత. మొన్న శనివారం అంటరానితనం మీద మీటింగు, నేనే మాట్లాడాలె. తొందరల వాకిట్ల కోసిన రొయ్య ముక్కలు తొట్టిలేసి, మూత మరిచి ఉరికిన. సాయంత్రం వచ్చెటాళ్లకు అమ్మ తొట్టి ముందల పీటేసుకొని కూసున్నది. మడిచీర కొంగు తడిసి ఉన్నది.

"ఏమైందమ్మా?"

"ఒకటి ఎగిరి బండల మీద పడ్డది. కొట్టుకుంటుంటే చూస్కుంట కూసోవాల్నా? కొంగుతోని పట్టి లోపలేసిన. తానం గూడ చెయ్యలే. ఏం చూస్తున్నవ్?"

తొట్టి మీద మూత పెట్టిన. అమ్మ పక్కన కూసోని అడిగిన: "అమ్మా, కమల వస్తే ఈ ఇంట్ల చేప వండుకుంటదే."

"వండుకోమను. ఈ రెండింటిని మాత్రం ముట్టొద్దను." మళ్ల నా దిక్కు చూసి అన్నది: "పెండ్లయి పదహారేండ్లాయె. పిల్ల నా ఇంట్ల నోరు కట్టుకొని బతికింది. ఇయ్యాల అడుగుతున్నవా రా?"

కమలా, అసలు దాచింది ఇది. అమ్మ ఒప్పుకుంటలేదని పదహారేండ్లు నీకు చెప్పుకుంట వచ్చిన. ఒక్కసారి గూడ అడగలే. కరపత్రాలు రాసిన, అమ్మతోని కొట్లాడిన, ఊరంతటికీ నీతులు చెప్పిన. నీ కోసం ఒక్క మాట అడిగెటందుకు భయపడ్డ. నన్ను తిట్టు, నీకు హక్కున్నది. కానీ తిట్టేది ఇక్కడికొచ్చి తిట్టు.

వేరే ఇల్లు చూస్తలేను. బదిలీ కాగితం చేతికొచ్చిన నాడే రైలెక్కు. నిన్న అమ్మ నన్ను వెంటబెట్టుకొని చార్మినార్ దగ్గరి దుకాణానికి పోయి, వెడల్పాటి ఇనుప పెనం కొన్నది. "దోశలకా అమ్మా?" అని అడిగిండు దుకాణపాయన.

మా అమ్మ, అర్చకుల ఇంటి రంగనాయకమ్మ, బజారంత ఇనపడేటట్టు చెప్పింది: "కాదు నాయనా. మా కోడలు చేపలు వేయించుకుంటది!"

ఇట్లు,
అమ్మ చేతుల ఓడి సంబురపడుతున్న నీ భర్త,
సదాశివ