వంతెన దారి మరిచిన ప్లాన్లు

అన్నయ్యకి,

చెల్లి నమస్కారాలు. ఇక్కడ నేను, ఆయన, పిల్లది బాగానే ఉన్నాం. వదినకి కాళ్ల వాపు తగ్గిందని రాశావు, కాస్త స్థిమితపడ్డాను. పిల్లదానికి ముందు పళ్లు ఊడాయి. అద్దంలో చూసుకుని, "మామయ్యలా ఉన్నానా?" అంటోంది.

ఇది ఫోన్లో చెప్పే మాట కాదని ఉత్తరం రాస్తున్నాను. "నేను నడిపే అంబులెన్సుని ఎప్పుడు చూసినా బజారులోనే నిలబెట్టమంటోంది మీ స్క్రీన్. వంతెన అవతల ఉన్నవాళ్లం మనుషులం కామా?" అని పోయిన ఉత్తరంలో అడిగావు. నువ్వు నవ్వులాటకే రాసి ఉంటావు. నాకు మాత్రం అప్పట్నుంచి అన్నం సయించడం లేదు.

ఆ స్క్రీన్ వెనకుండి ఏ బండి ఎక్కడుండాలో చెప్పే మా ఆఫీసు ప్రోగ్రాం ఒకేసారి వందల ప్లాన్లు పుట్టించి మార్కులేస్తుంది. తక్కువొచ్చినవి చస్తాయి. ఎక్కువొచ్చినవి జతకట్టి పిల్లల్ని పెడతాయి. అలా తరతరానికీ రాటుదేలతాయి. మార్కులు దేనికన్నది మాత్రం మనిషే చెప్పాలి. ఇదివరకు అందరికంటే దూరపు ఇంటికి ఎంతసేపట్లో చేరతామన్నదే లెక్క. ఈమధ్య అది ఊరంతటి సగటు సమయంగా మారింది. వంతెన అవతలి నాలుగిళ్లని వదిలేస్తే సగటు ఎందుకు తగ్గదు?

ఆ లెక్క మార్చింది నేనే అన్నయ్యా. మేనేజరు మార్చమన్నాడు, మార్చేశాను. మొన్న నువ్వు బజారు నుంచి చేరేసరికి ఆలస్యమై అవతలి దర్జీ తాత నీ బండిలోనే స్పృహ తప్పాడని రాశావే, ఆయన బతికాడు కాబట్టే ఈ మాట రాయగలుగుతున్నాను.

నీ ఉత్తరం చదివిన వెంటనే పాత లెక్క తిరిగి పెట్టాను. అసలు భయం అప్పుడు పట్టుకుంది. తరాలు గడుస్తున్నాయి, బండి బజారు వదలదు. తెరిచి చూస్తే ప్లాన్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. వంతెన దారి ఎరిగినవి ఎప్పుడో చచ్చిపోయాయి. వాటి పోలిక ఒక్కదాంట్లోనూ మిగల్లేదు.

మేనేజరుకి చెబితే, "నడుస్తున్నదాన్ని ఎందుకమ్మా కెలకడం?" అన్నాడు.

"మా వదినకి నెలలు నిండాయి సార్. ఉండేది అవతలే."

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని ఆ ప్లాన్లన్నీ చూశాడు. తర్వాత, "సరిచెయ్యి," అన్నాడు.

వంతెన దారి దేనికైనా తగులుతుందేమోనని గుడ్డిగా కొత్త ప్లాన్లు పుట్టించి పాతవాటిలో కలుపుతున్నాను. ఎప్పటికి కుదురుకుంటాయో నాకే తెలీదు. నువ్వు ముందు వదినని ఇవతలికి తెచ్చెయ్. తెచ్చాక కూడా బండిని మాత్రం వంతెన దగ్గరే ఉంచు. స్క్రీన్ మాట వినకు. ఎవరైనా నిలదీస్తే, ఆ లెక్క రాసిన మనిషే వద్దందని చెప్పు.

ఇట్లు,
నీ మాట కోసం ఎదురుచూసే
చెల్లి