అక్క బూటులో లేని రాయి

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. నువ్వూ, నీ బూట్ల కొట్టూ క్షేమమని తలుస్తాను. నా సంగతే బాగోలేదు. నెల రోజులుగా ఒక రాయి నన్ను చంపుకు తింటోంది. నడిస్తే మంట, నిలబడితే పోటు. ఉత్తరాల సంచి భుజాన వేసుకుని రెండు వీధులు దాటేసరికి కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. ఇలాగే ఉంటే ఆఫీసులో కూర్చోబెట్టి ముద్రలు వేయిస్తానంటున్నాడు మా పోస్టుమాస్టరు. ఇరవయ్యేళ్లు తిరిగిన వీధులు వదిలి నేనుండగలనా?

నీ అక్క

తా.క. మీ బావతో చెబితే, "పొట్టి ఉత్తరాలు మాత్రమే పంచు, బరువు తగ్గుతుంది" అన్నారు.

*

అక్కయ్యకి నమస్కారాలు.

ఉత్తరం చూడగానే నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. రాయంటే మాటలా! మా పక్క కొట్టు టైలరుకీ మూత్రపిండంలో రాయే. రోజుకి పన్నెండు గ్లాసుల నీళ్లు తాగి పడగొట్టాడు. నువ్వూ తాగు. పడితే దాచి డాక్టరుకి చూపించు.

నీ తమ్ముడు

తా.క. పడేటప్పుడు గట్టిగా కేకేస్తారట. బావగారికి ముందే చెప్పి ఉంచు, జడుసుకుంటారు.

*

ఒరేయ్ తమ్ముడూ,

నీ మాట విని వారం రోజులు బిందెలకొద్దీ నీళ్లు తాగాను. ఏ ఇంటికి వెళ్లినా ఉత్తరం ఇవ్వడానికంటే ముందు బాత్రూం ఎక్కడని అడగాల్సి వచ్చింది. రాయి కడుపులో కాదురా, కాలి కింద! అరికాల్లో, మూడో వేలూ నాలుగో వేలూ మొదలయ్యే చోట. బూటు విప్పి దులిపితే ఏమీ రాలదు. తొడిగితే మళ్లీ రాయి. వేళ్లు తిమ్మిరెక్కిపోతాయి.

డాక్టరమ్మ పాదాన్ని రెండు పక్కలా పట్టి నొక్కింది. కెవ్వుమన్నాను. "రాయి లేదమ్మా. వేళ్ల ఎముకల మధ్య నరం నలిగి నలిగి మందమైంది. ముందు ఈ కోసుముక్కు బూట్లు మానెయ్యండి. వేళ్లు విప్పుకునేంత వెడల్పువి వేసుకుని, లోపల మెత్త పెట్టుకోండి. తగ్గకపోతే ఇంజెక్షను. ఆపరేషను ఆఖరి మాట" అంది. మెత్త పెట్టాను. నొప్పి ఇంకా ఎక్కువైంది!

నీ అక్క

తా.క. గుమ్మం బయటున్న మీ బావకి "నరం" అన్న ముక్క ఒక్కటే వినపడింది. నాకు నరాల బలహీనత అనుకుని, అప్పట్నుంచీ ఏమన్నా "అలాగే, అలాగే" అంటున్నారు. గిన్నెలు కూడా కడుగుతున్నారు. నిజం చెప్పావో, చూడు!

*

అక్కయ్యకి నమస్కారాలు.

మెత్త సరిగ్గా నొప్పి ఉన్న చోటే పెట్టి ఉంటావు. అక్కడ కాదు, దానికి కాస్త వెనక, మడమ వైపు. అప్పుడు ఎముకలు విడివడి నరానికి ఊపిరాడుతుంది. ఇంటికి రాగానే మంచుముక్కలు గుడ్డలో చుట్టి అద్దుకో.

అసలు ఆ బూట్లు కుట్టినవాడెవడు? మనిషి కాలికి కుట్టాడా, కత్తికి ఒర కుట్టాడా? వాడి పేరు చెప్పు, కొట్టుకెళ్లి కడిగేసి వస్తాను. హాయిగా నేను కుట్టినవి వేసుకుంటే నీకీ అవస్థ ఉండేదా? వాటినేమో పెళ్లిళ్లకని బీరువాలో దాస్తావు.

నీ తమ్ముడు

తా.క. బావగారు ఫోన్ చేసి, "మీ అక్కతో ఎన్నాళ్లపాటు వాదించకూడదు?" అని అడిగారు. జీవితాంతం అని చెప్పాను.

*

బంగారు తమ్ముడికి,

మెత్త వెనక్కి జరిపాను. బజార్లో వెడల్పు బూట్లు కొన్నాను. మూడు వారాలకి మంట సగానికి పైగా తగ్గింది. నిన్న సంచి మొత్తం పంచి, ఖాళీ సంచి ఊపుకుంటూ వచ్చాను.

ఆ బూట్లు కుట్టినవాడి పేరు అడిగావు. చెప్పకూడదనుకున్నాను. వాడు పని నేర్చుకున్న ఏడాది, మొదటి జత నాకే తెచ్చాడు. నా కాళ్ల దగ్గర గొంతుక్కూర్చుని "సరిపోయాయా అక్కా?" అన్నాడు. వేళ్లనిండా సూదిపోట్లు. అప్పటికే రెండు పనులు నేర్చుకుంటూ నేర్చుకుంటూ మధ్యలో వదిలేసిన వాడు. బిగుతంటే ఇదీ వదిలేస్తాడని, సరిపోయాయన్నాను. ఆ మాట పట్టుకుని పద్నాలుగేళ్లుగా అదే అచ్చు మీద ఏటా ఒక జత పంపిస్తున్నాడు. ఏ జతనీ దాచుకోలేదురా. అన్నీ వీధుల్లోనే అరిగిపోయాయి.

తప్పు నీది కాదు, అబద్ధం నాది. బాధపడకు.

ప్రేమతో, నీ అక్క

తా.క. ఆదివారం నీ కొట్టుకి వస్తున్నాను. ఇంత పేరున్న పనివాడివి, ఇన్నేళ్లలో ఒక్కసారైనా నా పాదం కొలిచావట్రా?