ఫస్టు వచ్చినవాడి భోజనం

14 అక్టోబరు 1977, శుక్రవారం

క్వార్టర్లీ మార్కులు ఇచ్చారు. సలోమి క్లాసులో సెకండ్. లెక్కల మాస్టార్ని నేను, నా కూతురికి లెక్కల్లోనే తగ్గాయి. ఫస్టు వచ్చింది అంజిబాబు. మా వీధి చివర కొబ్బరి దింపు పనికి వెళ్ళే పెద్దిరాజు కొడుకు.

బెత్తం తీయలేదు. టెన్త్ పిల్ల, దెబ్బలకు అలవాటు పడిపోయింది. కొత్తది ఏదైనా ఆలోచించాలి.

16 అక్టోబరు, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక అంజిబాబును భోజనానికి పిలిచాను. కోడికూర. వాణ్ణి నా కుర్చీలో కూర్చోబెట్టాను. సలోమి నిలబడి వడ్డించింది. వాడు తినడం అయ్యేదాకా కూర్చోకూడదన్నాను. వాడు చాలండి, చాలండి అంటూనే ఉన్నాడు. వాడు చెయ్యి కడుక్కున్నాక మిగిలింది తినమన్నాను. ఆకలి లేదంది.

పిల్ల మీద అంత కక్ష దేనికండీ అని సుందరమ్మ వంటింట్లో ముక్కు చీదింది. నా భార్యకి ఏడవడానికి తీరిక ఎక్కువ. కక్ష కాదు. మా నాన్న రైతుల దొడ్లో పాలేరు. నేను కాలేదు. మధ్యలో ఉన్నది మిషన్ బడి బెత్తం, అంతే. ఆ రైతుల పిల్లలు తప్పితే వాళ్ళకి పొలం ఉంటుంది. నా పిల్ల తప్పితే ఏముంటుంది?

23 డిసెంబరు

హాఫ్ ఇయర్లీ. మళ్ళీ సెకండ్. మళ్ళీ వాడే.

25 డిసెంబరు, ఆదివారం

క్రిస్మస్. కొత్త పరికిణీ కట్టుకుని అంజిబాబుకు వడ్డించింది.

15 ఫిబ్రవరి 1978

ప్రీఫైనల్లో సలోమి ఫస్టు. అంజిబాబు సెకండ్. నా పద్ధతి పనిచేసింది.

సాయంత్రం అంజిబాబు తల్లి అప్పాయమ్మ గుమ్మంలోకి వచ్చింది. అమ్మాయిగారు ఫస్టు వచ్చేరంట కదండీ, ఆదివారం మా ఇంట్లో భోజనమండి అంది. మావోణ్ణి రెండుసార్లు పిలిచి పెట్టేరు, మీలో అది ఆనవాయితీ కాబోలు, మేం తప్పకూడదండి అంది. నవ్వు ఆపుకుని, ఆయ్, అలాగే అన్నాను.

19 ఫిబ్రవరి, ఆదివారం

మధ్యాహ్నం వెళ్ళిన పిల్ల దీపాల వేళకు వచ్చింది. ఎవరు వడ్డించారని అడిగాను. అప్పాయమ్మగారండి అంది. ఎవరు నిలబడ్డారన్నాను. ఎవరూ నిలబళ్ళేదండి, అందరం అరుగు మీద ఒకే వరసలో కూర్చున్నాం అంది. అంజిబాబు తన ఆకులో చేప ముక్క తీసి సలోమి ఆకులో వేశాడట. సెకండ్ వచ్చినందుకు వాణ్ణి ఏమీ అనలేదా అంటే, వాళ్ళమ్మ తల నిమిరిందట.

చెబుతుంటే సలోమి మొహం వెలిగిపోయింది. నా ఇంట్లో ఆ మొహం ఎప్పుడూ చూడలేదు. ఒళ్ళు మండింది. ఇక ఆ ఇంటికి వెళ్ళొద్దన్నాను. అలాగేనండి అంది.

20 ఫిబ్రవరి

అప్పాయమ్మను పిలిచి చెప్పాను. అది ఆనవాయితీ కాదు, నా కూతురికి వేసిన శిక్ష, మీ వాడు దానికి పనికొచ్చాడు అన్నాను. కొడుకుని చూసి మురిసిపోవడం మానేస్తుందనుకున్నాను.

అయితే అమ్మాయిగారు ఆ రెండు పూటలూ తిన్లేదాండీ అని మాత్రం అడిగింది.

11 జూన్, ఆదివారం

టెన్త్ రిజల్ట్స్ వచ్చాయి. సలోమి స్కూల్ ఫస్టు. పేపరు తేవడానికి నేనే రాజోలు వెళ్ళాను. బస్సులో ఏడుపొచ్చింది, ఎవరూ చూడలేదు. కోడిని కొనుక్కుని వచ్చాను.

సలోమి అడక్కుండానే నా కుర్చీలో కూర్చుంది. సుందరమ్మ గరిటె తీసుకుంటే, నువ్వు కాదమ్మా, నాన్నగారు వడ్డిస్తారు అంది. నవ్వుతూ వడ్డించి కూర్చోబోయాను. నేను తినడం అయ్యేదాకా కూర్చోకూడదండి అంది. గొంతు పెంచలేదు. అచ్చం నేను అన్నట్టే అంది.

నిలబడ్డాను. నెమ్మదిగా, ఒక్క మెతుకు వదలకుండా తింది. చెయ్యి కడుక్కుని వచ్చి, మిగిలింది మీరు తినండి అంది.

ఆకలి లేదన్నాను.

9 జూలై, ఆదివారం

సలోమి కాకినాడ హాస్టలుకి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు అప్పాయమ్మ ఇంట్లో భోంచేసి వెళ్ళిందట. సుందరమ్మ నాకు కుర్చీ వేసింది. నిలబడే తిన్నాను.